పొయ్యి మీదుగా

మా సందులో సుషీ హోటలు పెట్టినప్పుడు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అభ్యంతరం చెప్పాలంటే ముందు అదేమిటో తెలియాలి కదా.

సింగన్నవలస చిన్న ఊరు. యూనివర్సిటీ వచ్చాక తనను తాను పెద్ద ఊరనుకుంటోంది. యూనివర్సిటీ రెండో గేటు ఎదురుగా ఉన్న సందులో హాస్టళ్ళూ, టిఫిన్ సెంటర్లూ, సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్లూ, వాటి నడుమ నా జిరాక్సు షాపూ ఉన్నాయి. నా పేరు దాలినాయుడు. ఈ యూనివర్సిటీలో పుట్టిన ప్రతి సిద్ధాంత గ్రంథానికీ మొదటి పేజీ, చివరి పేజీ చదివాను. మధ్య పేజీలు రాసినవాళ్ళు కూడా చదవరు కాబట్టి, ఆ లెక్కన నేను పండితుణ్ణే.

నా షాపు పక్క గదిని బోనెల భూషణం, అతని భార్య నూకరత్నం అద్దెకు తీసుకున్నారు. భూషణం విశాఖపట్నం దగ్గర ఒక జపాను కంపెనీ గెస్ట్‌హౌసులో పనిచేసి వచ్చాడు. అక్కడి పెద్ద వంటవాడు మొరిగూచి కొన్నేళ్ళపాటు అతని చేత బియ్యం కడిగించాడట. ఆ తరవాత ఇంకొన్నేళ్ళు అన్నాన్ని విసనకర్రతో విసిరించాడట. అప్పుడు గాని చేప మీద కత్తి పెట్టనివ్వలేదు. గెస్ట్‌హౌసు మూతపడి తన దేశం వెళ్ళిపోతూ, ఆయన ఆ కత్తిని భూషణం చేతికిచ్చి నడుం దాకా వంగాడట.

"నా ముందర వంగినోడు ఆయనొక్కడే అన్నయ్యా," అన్నాడు భూషణం, ఆ సంగతి నాకు చెప్పిన రోజు.

"నానొంగలేదేటి? రోజూ తుడుస్తున్నది ఎవరి గది?" అంది లోపలి నుంచి నూకరత్నం.

హోటలంటే పెద్ద హంగేమీ లేదు. రెండు బల్లలు, నాలుగు బెంచీలు, స్టీలు పళ్ళేలు. గాజు పెట్టెలో ఐసు మీద పొద్దున్నే రేవు నుంచి వచ్చిన వంజరం, సూర చేప. కుక్కర్లో ఉడికిన అన్నాన్ని భూషణం బియ్యపు వినిగరుతో కలిపి, విసిరి చల్లార్చి, రెండు వేళ్ళతో చిన్న ముద్దగా నొక్కి, దాని మీద పల్చటి చేప ముక్క పరిచేవాడు. మధ్యలో ముక్కు అదిరిపోయే పచ్చ పచ్చడి చుక్క. పిల్లలు దాన్ని సుషీ అని పలకడం ఒక వారంలో మానేసి "ముద్దలు" అనడం మొదలుపెట్టారు. క్రికెట్టు ఆడి చెమటతో వచ్చేవాళ్ళు, లుంగీతో హాస్టలు నుంచి నేరుగా వచ్చేవాళ్ళు, ఒక పళ్ళెం చుట్టూ నలుగురు కూర్చుని చేత్తో తినేవాళ్ళు.

ఎదురుగా ఇడ్లీ సెంటరు పైడితల్లి మాత్రం మొదట్లో, "పచ్చి సేప పిల్లి తింతాది, మనిషి తింతాడేటి?" అని దారిన పోయేవాళ్ళందరినీ అడిగేది. దసరా నాటికి ఆమే వెనక గుమ్మం నుంచి వచ్చి, పిల్లికని చెప్పి ఒక పళ్ళెం పట్టుకెళ్ళడం నేను చూశాను. ఆమెకు పిల్లి లేదు.

అలా అంతా సవ్యంగా ఉన్న రోజుల్లో మున్సిపల్ ఆరోగ్య అధికారి చిల్లా జగదీశ్వరరావు గారు తనిఖీకి వచ్చారు.

ఆయన నోరు విప్పితే ఆర్డరు చదువుతున్నట్టుంటుంది. ఇంట్లో కూడా "ఒక గ్లాసు మంచినీరు సరఫరా చేయవలసినదిగా కోరడమైనది" అంటారని వాళ్ళ పక్కింటివాళ్ళు చెబుతారు. ఆయన లంచం తీసుకోరు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. తీసుకునే మనిషైతే నిబంధన గుమ్మం దగ్గరే ఆగిపోయేది.

ఆయన గది నాలుగు మూలలూ చూసి, బల్లల కింద వంగి చూసి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు.

"పొయ్యి ఎక్కడ?"

"పొయ్యి లేదండి," అన్నాడు భూషణం.

"హోటలు అనగా వండిన ఆహారము వడ్డించు స్థలము. వంట అనగా పొయ్యి మీద జరుగునది. పొయ్యి లేనిచో వంట లేదు. వంట లేనిచో హోటలు లేదు. హోటలు లేనిచో మీరును లేరు."

"ఉన్నాం కదండి."

"నిబంధనల రీత్యా లేరు."

భూషణం కుక్కరు చూపించాడు. "అన్నం ఇందులో ఉడుకుతాదండి."

"అది విద్యుత్ పరికరము. మీ సీలింగు ఫ్యాను ఎట్టిదో ఇదియు అట్టిదే. ఫ్యాను మీద వండితిమని ఎవరైనను అందురా?"

ఎవరూ అనరని ఒప్పుకోవలసి వచ్చింది. ఆయన వెళుతూ వెళుతూ గొంతు తగ్గించి, "నేను మీ శ్రేయోభిలాషిని. ఒక పొయ్యి ఏర్పాటు చేసుకొనుడు," అన్నారు.

భూషణం పొయ్యి కొన్నాడు. నూకరత్నం దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. మళ్ళీ వచ్చిన జగదీశ్వరరావు గారు బర్నరు మీద వేలు పెట్టి చూశారు.

"చల్లగా ఉన్నది."

"ఎలిగించనేదండి. పనేటీ లేదు దాంతో."

"వెలిగించని పొయ్యి పొయ్యి కానేరదు. అది పొయ్యి యొక్క ఆకారము."

వెలిగించారు. మూడోసారి ఆయన వచ్చేటప్పటికి మంట నీలంగా, నిండుగా మండుతోంది. ఆయన ముఖం ఒక్క క్షణం వికసించి మళ్ళీ ముడుచుకుంది. మంట మీద ఏమీ లేదు. ఖాళీ మంట ఇంధన దుర్వినియోగమని సెలవిచ్చారు. నూకరత్నం విసుక్కుంటూ డేగిసాతో నీళ్ళు పెట్టింది. నీళ్ళు మరిగాయి. ఆయన ఆ ఆవిరిని చాలాసేపు చూశారు.

"ఈ నీరు ఎవరి నిమిత్తము?"

"మీ నిమిత్తమేనండి. మీరు సెప్పబట్టే కదా ఎట్టినాం," అంది నూకరత్నం.

ఆయన ఒక అడుగు వెనక్కి వేశారు. "నా నిమిత్తమా? అది లంచము కిందకు వచ్చును. వండిన పదార్థమును విక్రయించవలెను. ఈ హోటలులో వండబడుచున్నది ఇది యొక్కటియే. కనుక మీరు విక్రయింపదగినది వేడినీరు."

"మరి ముద్దలండి?" అన్నాడు భూషణం. గాజు పెట్టెలో ఆ పూట తెచ్చిన చేప ఉంది.

జగదీశ్వరరావు గారు బెంచీ మీద కూర్చుని, కళ్ళు మూసుకుని ఆలోచించారు. ఆ మనిషి నిజంగానే ఎదుటివాడి మేలు కోరేవాడని అప్పుడే నాకు తెలిసింది. ఆయన కళ్ళు తెరిచినప్పుడు వాటిలో వెలుగుంది.

"బిర్యానీతో ఉల్లిపాయ ఇత్తురు. ఉల్లిపాయను వండెదరా? వండరు. దానికి లైసెన్సు కలదా? లేదు. ఎందుచేత? అది నంజుడు కనుక! మీ చేప ముద్దలు వేడినీళ్ళకు నంజుడు. నంజుడు మీద నిబంధన లేదు. హాయిగా వ్యాపారము చేసుకొనుడు."

మర్నాడు 'నూకరత్నం వేడినీళ్ళ హోటలు' అనే బోర్డు నేనే ప్రింటు వేసి ఇచ్చాను. లోపల గోడ మీద సాదా వేడినీళ్ళు, వంజరం వేడినీళ్ళు, సూర వేడినీళ్ళు, స్పెషల్ వేడినీళ్ళు అని రాయించారు.

విద్యార్థులకు అలవాటుపడటానికి ఒక్క సాయంత్రం పట్టింది. కిన్నెర అనే అమ్మాయి చాలా ఏళ్ళుగా అక్కడ పరిశోధన చేస్తోంది, ఆ హోటలుకు మహారాజపోషకురాలు. ఆమె బెంచీ మీద కాళ్ళు మడుచుకు కూర్చుని, "అక్కా, రెండు వంజరం వేడినీళ్ళు. ఒకదాన్లో నీళ్ళొద్దు," అంది.

"నీళ్ళు నేకుండా ఇవ్వకూడదమ్మా, లైసెన్సు పోతాది. తాక్కపోతే పోనీ, ముందరెట్టుకో."

అలా ప్రతి పళ్ళెం పక్కనా ఒక పొగలు కక్కే గ్లాసు వచ్చి కూర్చునేది. తాగేవాడు లేడు. తిన్నాక ఎవరి గ్లాసు వాళ్ళు తెచ్చి గుమ్మం పక్కనున్న బకెట్లో వంపేవారు. చలికాలం రాగానే ఎదుటి హాస్టలు ఆడపిల్లలు ఆ బకెట్లు పట్టుకెళ్ళి స్నానాలు చేసేవారు. వాళ్ళ హాస్టల్లో గీజరు ఉంది గాని, దాన్ని ఎవరు రిపేరు చేయించాలన్న విషయం పరిశీలనలో ఉంది.

ఇక్కడితో ఆగిపోయినా బాగుండేది. కాని మున్సిపల్ కమిషనరు హేమనళిని గారి బల్ల మీదికి నెలవారీ నివేదిక ఒకటి వెళ్ళింది. జిల్లా మొత్తంలో వేడినీళ్ళు అత్యధికంగా అమ్ముడుపోయే ఊరు సింగన్నవలస అని అందులో ఉంది. ఆ సంవత్సరం పైవాళ్ళు 'మరిగిన నీరు, మెరుగైన ఊరు' అనే ఉద్యమం ప్రకటించి ఉన్నారు. ఉద్యమం ప్రకటించారని తెలియకుండానే అది విజయవంతమైపోయిన ఊరు దొరకడం ఏ కమిషనరుకైనా అదృష్టమే.

ఆమె స్వయంగా వచ్చి, కిటకిటలాడుతున్న బెంచీలను చూసి చలించిపోయారు. "ఈ యువతను చూడండి, జగదీశ్వరరావు గారూ. కూల్‌డ్రింకులు మానేసి, వేడినీళ్ళ కోసం క్యూలో నిలబడ్డారు. ఇది ప్రజల భాగస్వామ్యం. దీన్ని మనం విస్తరించాలి."

విస్తరించారు. ఊళ్ళోని ప్రతి హోటలూ భూషణం నమూనాను అనుసరించాలని ఆర్డరు వచ్చింది. ప్రధాన వంటకం వేడినీళ్ళు, మిగిలినవన్నీ నంజుడు. పైడితల్లి తన ఇడ్లీ సెంటరు బోర్డు మార్పించడానికి నా షాపుకొచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"మా అత్త కాలం నుంచి ఏస్తున్నానయ్యా ఇడ్లీ. ఆ పచ్చిసేపలోడి మూలాన నా ఇడ్లీ నంజుడైపోనాది!"

యూనివర్సిటీ వాళ్ళు వెనకబడితే మర్యాద దక్కదని వేడినీళ్ళ అధ్యయన కేంద్రం ప్రారంభించారు. కిన్నెర గైడు ఆమె పరిశోధన అంశాన్ని అటు మార్చేశాడు. ఆమె వచ్చి కొత్త మొదటి పేజీ ప్రింటు తీయించుకుంది. "పాతదాన్లో మధ్య పేజీలు అలాగే ఉంచేస్తున్నానండి," అంది. మంచి నిర్ణయమని చెప్పాను.

ఈ కీర్తి రాజధాని దాకా వెళ్ళి, ప్రత్యేక కార్యదర్శి గారు స్వయంగా చూడటానికి బయలుదేరారు. సందుకు కొత్త సిమెంటు పోశారు. భూషణం హోటలు గోడలకు సున్నం వేశారు. పెద్దలు తినబోయే ప్రతి పదార్థాన్నీ ముందుగా ఆరోగ్య అధికారి రుచి చూసి ధ్రువీకరించాలన్నది నియమం. ఆ విధంగా, అన్నిసార్లు తనిఖీ చేసినా ఒక్క మెతుకు ముట్టని జగదీశ్వరరావు గారు ఆ రోజు పొద్దున్న భూషణం బల్ల ముందు కూర్చున్నారు.

ముందు వేడినీళ్ళు తాగారు. "సురక్షితము," అన్నారు.

తరవాత భూషణం ముద్ద చేసి అందించాడు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, ఇష్టదైవాన్ని తలుచుకుని నోట్లో పెట్టుకున్నారు. కాసేపు నమిలారు. నమలడం ఆగిపోయింది. పచ్చ పచ్చడి ముక్కుకెక్కి ఒక కన్నీటి బొట్టు చెంప మీద జారింది. ఆయన దాన్ని తుడుచుకోలేదు. బయట ఎవడో "హలో హలో" అని మైకు పరీక్షిస్తున్నాడు.

"ఒక నమూనాతో నిర్ధారణ సాధ్యము కాదు," అన్నారు చివరికి. "మరొక నమూనా కావలెను."

రెండోది సూర చేప. దానితోనూ నిర్ధారణ కాలేదు. నూకరత్నం కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. పెద్దాయన కారు సైరను వినబడేదాకా ఆయన నిర్ధారిస్తూనే ఉన్నారు.

ప్రత్యేక కార్యదర్శి గారు వేడినీళ్ళు ఒక గుక్క తాగి, నీటి మహత్తు మీద మాట్లాడి, కూర్చున్నారు. ఆకలి వేళ. ముందున్న పళ్ళెంలోంచి ఒక ముద్ద తిన్నారు. ఇంకోటి తిన్నారు. పళ్ళెం ఖాళీ అయింది.

"అద్భుతంగా ఉందే! ఏమిటిది?"

"నంజుడు, సర్," అన్నారు హేమనళిని గారు.

"ఎలా వండుతారు?"

హేమనళిని గారు భూషణం వైపు చూశారు. భూషణం అబద్ధం చెప్పడం చేతగానివాడు. "వండమండి. పచ్చిదేనండి," అన్నాడు.

పెద్దాయన చెయ్యి మెల్లగా పొట్ట మీదికి వెళ్ళింది. ఆ పొట్టలో ఏ ఇబ్బందీ లేదని, అది ఇంకో పళ్ళెం కోరుతోందని ఆయన ముఖమే చెబుతోంది. కాని పదవి వేరు, పొట్ట వేరు. "ఇంత మంచి పదార్థాన్ని పచ్చిగా పెడతారా జనానికి? నీళ్ళకిచ్చిన గౌరవం చేపకివ్వరా? దీన్ని కూడా పొయ్యి ఎక్కించండి," అని ఆదేశించి కారెక్కారు.

వారం తిరక్కుండా ఆర్డరొచ్చింది. దాన్ని హోటలు గోడకు అంటించడానికి నేనే జిరాక్సు తీశాను. 'ఇకమీదట నంజుడు సైతము పొయ్యి మీదుగానే వినియోగదారునకు చేరవలెను' అని ఉంది. దీన్ని ఎలా అమలుచేయాలో కమిషనరు గారే విడమరిచి చెప్పారు. ముద్దను శనగపిండిలో ముంచాలి. నూనెలో వెయ్యాలి. తియ్యాలి.

అలా సుషీ బజ్జీ పుట్టింది. నిజం చెప్పాలి, బేరం రెట్టింపయింది. సందు చివరి దాకా నూనె వాసన. పచ్చి చేపంటే భయపడ్డవాళ్ళు కూడా వచ్చి, ఉల్లిపాయ నంజుకుని, అంటే నంజుడుకు నంజుడు అడిగి మరీ తిని వెళ్ళారు. భూషణం బాణలి ముందు నిలబడి వేయిస్తూనే ఉండేవాడు. గాజు పెట్టె ఖాళీగా ఉంటోందని ఒకరోజు గమనించాను. కత్తి పాత పంచె గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశాడు.

ఒక మధ్యాహ్నం బేరం లేని వేళ నా షాపులో స్టూలు మీద వచ్చి కూర్చున్నాడు.

"బజ్జీకి కత్తెందుకు అన్నయ్యా. ఇయ్యాల్టి సేపైనా నిన్నటి సేపైనా ఒకటే. పెద్ద ముక్కైనా సిన్న ముక్కైనా ఒకటే."

"బేరం బాగుంది కదయ్యా," అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"మొన్న ఒక వాయి సేప ఎట్టడం మరిసిపోనాను. ఉత్త అన్నమే ఏయించి ఇచ్చీసినాను. ఎవుడూ అడగనేదు." అతను తన చేతుల వంక చూసుకున్నాడు. నూనె చిట్లి మణికట్టు నిండా మచ్చలు. "అడిగినా బాగుండు. ఒక్కడైనా తిట్టినా బాగుండు."

పరవాడలో ఒక కాంట్రాక్టరు క్యాంటీన్లో పని ఉందట. నెలాఖరుకు గది ఖాళీ చేస్తామని చెప్పాడు. నూకరత్నం అప్పటికే సామాను సర్దుతోంది.

ఆ సాయంత్రమే జగదీశ్వరరావు గారు వచ్చారు. తనిఖీ అన్నారు గాని చేతిలో ఫైలు లేదు. చొక్కా ఇస్త్రీ చేసి ఉంది, తల దువ్వి ఉంది. బెంచీ మీద కూర్చుని, "వంజరం వేడినీళ్ళు," అన్నారు.

గ్లాసూ, దానితో రెండు బజ్జీలూ వచ్చాయి. ఆయన ఒక బజ్జీ విరిచి లోపలికి చూశారు.

"చేప ఎక్కడ?"

"ఉన్నాదండి, లోపల."

"కనబడుట లేదు." సగం తిన్నారు. "దీని యొక్క… రుచి…" అని ఆగిపోయారు. రుచి అన్న మాట ఆయన నోటి వెంట నేను వినడం అదే మొదలు. ఆయనకు కూడా అది కొత్తగా ఉన్నట్టుంది, పెదవులు తడుపుకున్నారు. "కత్తి ఏమైనది?"

"మూట కట్టీసినామండి. నెలాఖరుకి ఎల్లిపోతన్నాం," అంది నూకరత్నం. "మీ రూల్సన్నీ ఒప్పుకున్నాం బాబూ. పొయ్యెట్టమంతే ఎట్టినాం, ఎలిగించమంతే ఎలిగించినాం, నీళ్ళమ్మమంతే అమ్మినాం. ఇంక మావల్ల కాదు. ఈయన రాత్రిళ్ళు అన్నం తినడం నేదు."

జగదీశ్వరరావు గారు లేచి, డబ్బులు బల్ల మీద పెట్టి, నీళ్ళు తాగకుండానే వెళ్ళిపోయారు. గుమ్మం దగ్గర చెప్పులు ఎడమది కుడికాలికి వేసుకోబోయి సర్దుకున్నారు.

మర్నాడు నేను షాపు షట్టరు ఎత్తేసరికి ఆయన మెట్టు మీద కూర్చుని ఉన్నారు. చేతిలో ఆ ఆర్డరు.

"దీనిని పెద్దది చేయుము."

పెద్దది చేసిచ్చాను. చదివారు. ఇంకా పెద్దది చేయమన్నారు. చేశాను. కాగితంలో ఒక వాక్యమే పట్టింది. మళ్ళీ చేయమన్నారు. చివరికి పేజీ నిండా ఒకే ఒక్క మాట, నల్లగా, బెత్తెడెత్తు అక్షరాలతో మిగిలింది. 'మీదుగా.'

ఆయన దాన్ని గోడకు ఆనించి, దూరం జరిగి చూశారు.

"దాలినాయుడూ, శ్రీకాకుళము మీదుగా పోవు బస్సు శ్రీకాకుళములో ఉండిపోవునా?"

"ఉండదండి. ముందుకి పోతుంది."

"ఆగవలెనని ఉన్నదా?"

"ఎక్స్‌ప్రెస్సయితే ఆగదండి. బైపాసులో పోతుంది."

ఆయన నా రెండు భుజాలూ పట్టుకున్నారు. ఒక ప్రభుత్వ అధికారి నన్ను ముట్టుకోవడం అదే మొదటిసారి. "ఎంత ఎత్తున పోవలెనో పేర్కొనబడలేదు. ఎంతసేపు పోవలెనో పేర్కొనబడలేదు. శనగపిండి అన్న పదమే లేదు!"

ఆ పూటే భూషణం హోటల్లో బాణలి దింపించారు. పొయ్యిని బల్లకీ బెంచీకీ మధ్యకు జరిపించారు. నూకరత్నం అటకెక్కి గుడ్డ మూట దింపింది. భూషణం కత్తి బయటికి తీసి, చాలాసేపు నూరాడు. అప్పుడే వచ్చిన వంజరాన్ని కోశాడు. మొదటి రెండు ముక్కలూ వంకరపోయాయి, పక్కన పడేశాడు. మూడోది సరిగ్గా వచ్చింది.

విషయం తెలిసి సందంతా పోగైంది. కిన్నెర బెంచీ ఎక్కి నిలబడింది. పైడితల్లి ఈసారి ముందు గుమ్మం నుంచే వచ్చింది. పొయ్యి వెలిగించారు. అవతల భూషణం పళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు. ఇవతల జగదీశ్వరరావు గారు చేతులు చాచారు.

"పంపుడు."

పళ్ళెం మంట మీదుగా, ఛాతీ ఎత్తున, అటు నుంచి ఇటు వచ్చింది. జగదీశ్వరరావు గారు అందుకుని, జనం వైపు తిరిగి, గట్టిగా ప్రకటించారు.

"వండబడినది!"

చప్పట్లు మోగాయి. ఆయన నిలబడే పళ్ళెమంతా ఖాళీ చేశారు. భూషణం పొయ్యి అవతలే ఉండి, ఆయన నమలడాన్నే చూస్తున్నాడు. "ముక్క ఎలాగున్నాదండి?" అని అడిగాడు. "రెండవది కొంచెము మందము," అన్నారు ఆయన. భూషణం ముఖం ఎన్ని రోజులకో విచ్చుకుంది. "నిజమేనండి, అది మందమే," అంటూ మళ్ళీ కత్తి అందుకున్నాడు. గది ఖాళీ చేసే మాట మళ్ళీ ఎత్తలేదు.

జగదీశ్వరరావు గారు దీని మీద ఒక వివరణ తయారుచేసి కమిషనరు గారికి సమర్పించారు. హేమనళిని గారు రెండుసార్లు చదివి, అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదని, పైగా ఇంధనం ఆదా అవుతుందని గ్రహించి, సంతకం చేశారు. అంతటితో ఊరుకోక, మంచి వివరణ ఒక్క హోటలుకే పరిమితం కావడం సమన్యాయం కాదని, పట్టణంలో వండకుండా అమ్ముడయ్యే పదార్థాలన్నింటికీ దాన్ని వర్తింపజేశారు.

దాంతో అరటిపళ్ళ బండికి పొయ్యి వచ్చింది. చెరుకురసం బండికి వచ్చింది. దోసకాయ ముక్కలమ్మే ముసలమ్మ బుట్ట పక్కన కుంపటి పెట్టుకుని, ప్రతి ముక్కనూ దాని మీదుగా చెయ్యి చాచి ఇచ్చేది. మంట తగలకుండా మణికట్టు ఎలా తిప్పాలో భూషణం ఆదివారాలు అందరికీ ఉచితంగా నేర్పేవాడు. ఊరికి అలవాటైపోయింది. బయటి ఊరి నుంచి వచ్చిన బంధువులకు మావాళ్ళు పళ్ళెమిచ్చేటప్పుడు ఇళ్ళల్లో కూడా చేతులు ఛాతీ ఎత్తుకు లేస్తున్నాయి.

ఎండలు ముదిరాక ఒక సాయంత్రం జగదీశ్వరరావు గారు యథాప్రకారం భూషణం బెంచీ మీద తనిఖీలో ఉన్నారు. పుల్ల ఐసు అమ్మే గురువులు తన తోపుడుబండిని, దాని మీది పొయ్యితో సహా, గుమ్మం దాకా తోసుకొచ్చాడు. ముఖమంతా చెమట. చేతిలో ఒక పుల్ల, దాని కొసన కొంచెం ఎరుపు.

"బాబూ, పొయ్యి మీదుగా ఇచ్చేసరికి సగం కరిగిపోతన్నాదండి. పిల్లలు ఏడుస్తున్నారు. ఏటి సెయ్యమంతారు?"

జగదీశ్వరరావు గారు నోట్లో ఉన్న ముద్దను తొందరపడకుండా నమిలి మింగారు. ఆ పుల్లను చేతిలోకి తీసుకుని, వెలుతురుకు పట్టి, అన్ని వైపులా పరీక్షించారు.

"కరిగినచో మరియు మంచిది," అన్నారు. "బాగుగా ఉడికినదని అర్థము."